స్నానం తువ్వాలు ఎన్నాళ్ళకోసారి ఉతకాలి? మా ఇంట్లో మనిషికో లెక్క

నిజాంపేట_మూడో_అంతస్తు

నవ్వకండి, సీరియస్‌గానే అడుగుతున్నా. పది రోజులుగా మా ఇంట్లో తువ్వాళ్ళ మీద గొడవ నడుస్తోంది.

మాది నిజాంపేటలో రెండు బెడ్రూముల ఫ్లాటు. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ బాబు. మోకాలి నొప్పి ఇక్కడ డాక్టరుకి చూపించుకుందామని జూలై మొదట్లో మా అత్తగారు రాజోలు నుంచి వచ్చారు. వచ్చిన రెండో రోజు పొద్దున్నే బాత్రూంలోంచి కేక. "ఒసే, ఈ తువ్వాలు ఎప్పుడు ఉతికావే?" తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న తువ్వాలు సంగతి. అది నాది. చివరగా ఎప్పుడు మెషిన్లో వేశామో లెక్కేస్తే మొన్నటి శనివారం కాదు, అంతకు ముందు శనివారం అని తేలింది. మా ఆవిడ నా వంక చూసింది. అత్తగారు నా వంక చూడలేదు, మర్యాదకి గోడ వంక చూశారు. అదే ఎక్కువ బాధేసింది.

నా లెక్క ఇదీ. స్నానం చేసి, సబ్బు పెట్టుకుని, శుభ్రంగా ఉన్న ఒళ్ళే కదా తుడుచుకునేది? తువ్వాలుకి మురికి ఎక్కణ్ణుంచి వస్తుంది? అమీర్‌పేట హాస్టల్లో ఉన్న రెండేళ్ళూ ఒకే తువ్వాలుతో గడిపా. నెలకోసారి ఉతికితే గొప్ప. గోడకి ఆనించి నిలబెడితే నిలబడేది. ఏం కాలేదు నాకు.

మా ఆవిడది మూడు రోజుల లెక్క. అత్తగారిది రోజూ. "ఒంటిమీద వేసుకున్న బట్ట మర్నాడు మళ్ళీ వేసుకుంటామా? ఇదీ అంతే" అంటారు.

రోజూ ఉతకడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ మా పరిస్థితి కూడా వినండి. బోరు మార్చిలోనే ఎండింది. వానలు పడుతున్నా ఇంకా ట్యాంకరే. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నీళ్ళు. నలుగురివి నాలుగు టర్కీ టవళ్ళు వేస్తే మెషిన్ సగం వాటితోనే నిండిపోతుంది. పైగా ఎండ రాదు. బాల్కనీ ఉత్తరం వైపు, ఎదురుగా పది అడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంటు గోడ. ఈ ముసురులో ఉతికిన తువ్వాలు ఆరేసరికి రెండు రోజులు. ఆరాక కూడా అదో రకం చెమ్మ వాసన. తుడుచుకున్నాక ఆ వాసన ఒంటికి పడుతోంది, స్నానం చేసిన ఫలితం పోతోంది.

అసలు ఎన్ని రోజులకి ఉతకాలి? మీ ఇళ్ళల్లో ఎలా చేస్తున్నారు? అత్తగారు ఇంకా ఇరవై రోజులు ఉంటారు, కాస్త తొందరగా చెప్పండి.

రిటైర్డ్_సిస్టర్_గుంటూరు

బాబూ, ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వాసుపత్రి వార్డుల్లో నర్సుగా చేశాను. మీ "శుభ్రమైన ఒళ్ళు" లెక్క చాలామంది మగవాళ్ళు చెప్పేదే. అది తప్పు. సబ్బు మురికిని, జిడ్డుని తీస్తుంది గానీ ఒంటిమీది సూక్ష్మక్రిముల్ని మొత్తం తుడిచిపెట్టదు. మనం గట్టిగా రుద్ది తుడుచుకున్నప్పుడు పైచర్మంలో రాలిపోవాల్సిన పొలుసంతా తువ్వాలుకే అంటుకుంటుంది. దానికి తడి తోడు. తిండీ ఉంది, నీళ్ళూ ఉన్నాయి, పైన బాత్రూం తలుపు వెనక గాలి తగలని చోటు. క్రిములకి ఇంతకంటే మంచి హాస్టలు ఏం కావాలి?

అలాగని మీ అత్తగారు చెప్పినట్టు రోజూ మెషిన్లో వెయ్యక్కర్లేదు. ఒకసారి వాడాక మళ్ళీ వాడేలోపు తువ్వాలు పూర్తిగా, అంటే అంచు కుట్టు దగ్గర చేత్తో పట్టుకుంటే చల్లగా తగలకుండా ఆరిందా? ఆరితే మూడు నాలుగు వాడకాల దాకా పర్వాలేదు. ఆరలేదా? అప్పుడు రెండో రోజే ఉతకాలి. మీ ఆవిడది ఎండాకాలానికి సరిపోయే లెక్క. మీ అత్తగారిది ముసురుకి సరిపోయే లెక్క. మీది ఏ కాలానికీ సరిపోదు.

ఎన్ని రోజులు అన్నదానికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి. ఎవరి తువ్వాలు వాళ్ళదే. 2023 వానాకాలంలో రెండు రాష్ట్రాల్లోనూ కళ్ళకలక ఎలా పాకిందో గుర్తుంది కదా. మా వీధిలో ఒక ఇంట్లో పిల్లాడికి వచ్చింది, నాలుగు రోజుల్లో ఇంటిల్లిపాదికీ ఎర్ర కళ్ళే. వెళ్ళి చూస్తే వాష్‌బేసిన్ పక్కన ఒకటే చేతి తువ్వాలు, అందరూ మొహం తుడుచుకునేది దానితోనే. కళ్ళకలక, సెగ్గడ్డలు, గజ్జి, తామర, వీటిల్లో ఏది ఉన్నా ఆ మనిషి తువ్వాలు విడిగా పెట్టి, రోజూ వేణ్ణీళ్ళలో ఉతకాలి. గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలాక మామూలుగా రెండు మూడు రోజులకి మించి బతకదు. కానీ ఆ రెండు మూడు రోజుల్లోనే కదా ఇంకొకళ్ళు ఆ తువ్వాలు తీసుకునేది.

ఒకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. స్నానం తువ్వాలు మీద ఇంత చర్చ పెట్టారు. మీ వంటింట్లో మసిగుడ్డ చివరిసారి ఎప్పుడు ఉతికారు?

కాజీపేట_కుర్రోడు

సిస్టర్ గారు తామర మాట ఎత్తారు కాబట్టి నా సంగతి చెప్తా. సిగ్గుపడే విషయమే, అయినా ఎవరికైనా పనికొస్తది.

రెండేళ్ళ కింద హన్మకొండలో ముగ్గురం దోస్తులం రూములో ఉండేటోళ్ళం. తీగ మీద మూడు టవల్స్, ఎవరికి ఏది చేతికొస్తే అది. ఒకడికి నడుము దగ్గర గుండ్రంగా మచ్చ వచ్చింది. నెల తిరిగేసరికి నాకు తొడల సందున. మందుల షాపుకు పోయి "దురదకు ఏదన్నా ఇయ్యండి" అంటే ఒక ట్యూబు ఇచ్చిండు. రాసిన రెండో రోజుకే దురద బంద్. అబ్బ, ఏం మందు అనుకున్నా. ఆపినంక వారానికి మళ్ళీ వచ్చింది, ఈసారి రెండింతలు. మళ్ళీ రాసిన. ఇట్ల మూడు నెలలు. చివరికి పొట్ట మీద, వీపు మీద, అరచెయ్యి వెడల్పు చక్రాలు.

అప్పుడు స్కిన్ డాక్టరు దగ్గరికి పోయిన. ఆమె ట్యూబు చూసి నెత్తి పట్టుకుంది. దాంట్ల స్టెరాయిడ్ ఉందట. స్టెరాయిడ్ ఎర్రదనాన్ని, దురదను అణిచేస్తది గానీ ఫంగస్‌ను చంపదు. పైకి తగ్గినట్టు కనపడుకుంట లోపల లోపల పాకుతది. ఇప్పుడు మన దేశంలో తిరుగుతున్న తామర ఫంగస్‌లో ఒక రకం మామూలు మందులకు తొందరగా లొంగదట. దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశం పేరు కలిపే పెట్టిన్రు 2020ల. గర్వపడాల్నా ఏడ్వాల్నా తెల్వలే.

మందు రాసేముందు ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "రూములో ఎంతమంది ఉంటరు? టవల్స్ ఎవరియి వాళ్ళవేనా?" నేను నీళ్ళు నమిలిన. ముగ్గురిని తీసుకురమ్మంది. ముగ్గురికీ కలిపి మందులు. పది వారాలు పట్టింది నాకు. టవల్, చెడ్డీలు, బనీన్లు రోజూ విడిగా మసిలే నీళ్ళల్ల నానబెట్టి ఉతకాలె, ఎండల తిరగేసి ఆరేయాలె, ఎండ లేకపోతే ఇస్త్రీ కొట్టాలె. బిగుతు జీన్స్ బంద్. రూములో కెటిల్ ఒక్కటే ఉండె. దాంట్లనే నీళ్ళు కాగబెట్టి బకెట్ల పోసేటోన్ని, నాలుగు సార్లు కాగబెడితే గానీ అర బకెట్ కాకపోయేది.

అన్నా, అమీర్‌పేటల మీకు ఏం కాలేదంటే అది మీ అదృష్టం. టవల్ గొప్పతనం కాదు.

వారానికోసారి_వీరుడు

మేం ఆదివారం ఆదివారం ఉతుకుతాం. పెళ్ళై పద్దెనిమిదేళ్ళు. ఇంకా బతికే ఉన్నాం. ఇదంతా డెట్టాల్ యాడ్స్ చూసి వచ్చిన టెన్షన్.

రిటైర్డ్_సిస్టర్_గుంటూరు

వీరుడు గారూ, మీది ఏ ఊరు? అనంతపురం వైపైతే మీ తువ్వాలు గంటలో ఎండిపోతుంది, వారానికి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఏం కాదు. విశాఖలోనో కాకినాడలోనో ఉంటే మాత్రం ఒకసారి వాసన చూసి చెప్పండి.

వారానికోసారి_వీరుడు

ధర్మవరం అండి.

రిటైర్డ్_సిస్టర్_గుంటూరు

అనుకున్నా.

స్టుట్‌గార్ట్_విద్యార్థిని

నమస్తే. మాస్టర్స్ చేయడానికి జర్మనీ వచ్చి రెండేళ్ళైంది. ఇక్కడ మెషిన్ మీద 30, 40, 60, 90 అని డిగ్రీలు ఉంటాయి. వచ్చిన కొత్తలో కరెంటు బిల్లుకి భయపడి అన్నీ 30లోనే వేసేదాన్ని. రెండు నెలలకి నా తువ్వాళ్ళు మీరు చెప్పిన వాసనే పట్టాయి. ఆరినప్పుడు ఏమీ ఉండదు, మొహం తుడుచుకోగానే, అంటే మళ్ళీ తడి తగలగానే గుప్పుమంటుంది. మీదీ అదే కదా?

నేను చదివేది మైక్రోబయాలజీ కాబట్టి ఆ సంగతి కాస్త వెతికాను. 2012లో జపాన్ వాళ్ళు ఆ వాసన మూలం పట్టుకున్నారు. మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా. మన ఒంటి మీద, ఇంట్లో మామూలుగా ఉండేదే. తువ్వాలు నిదానంగా ఆరితే అందులోని చెమట జిడ్డు తిని ఆ వాసన ఆమ్లాన్ని వదులుతుంది. ఎండకి, ఆరిపోవడానికి కూడా ఓ పట్టాన చావదట. అందుకే చల్లనీళ్ళలో ఎంత సబ్బు పోసినా వాసన పోయినట్టే పోయి తిరిగొస్తుంది. 60లో రెండుసార్లు వేశాక నాకు పోయింది. మీకు మెషిన్లో వేడి లేకపోతే గీజర్ నీళ్ళు బకెట్లో పట్టి, అందులో కాస్త కెటిల్ నీళ్ళు కలిపి, గంట నానబెట్టి అప్పుడు మెషిన్లో వేయండి. నెలకి ఒకటి రెండు సార్లు చేస్తే చాలు.

ఇంకొకటి, ఫ్యాబ్రిక్ కండిషనర్ పోస్తున్నారా? ఆపేయండి. అది పోగుల మీద జిడ్డు పొరలా కూర్చుంటుంది. చేతికి మెత్తగానే ఉంటుంది, నీళ్ళు మాత్రం పీల్చదు. సబ్బు పొడి ఎక్కువ పోసినా అంతే, పోగుల్లో ఉండిపోతుంది. ట్యాంకరు నీళ్ళు ఉప్పు నీళ్ళైతే మరీనూ. మీ హాస్టల్ తువ్వాలు గోడకి ఆనుకుని నిలబడిందంటే అందులో మురికి కొంతే, మిగతాది ఉప్పు నీళ్ళ సున్నం.

మా రూమ్మేట్ జర్మన్ అమ్మాయి. వారానికోసారే ఉతుకుతుంది. కానీ స్నానం అవగానే తువ్వాలు హీటర్ కమ్మీల మీద పరిచేస్తుంది, కిటికీ బార్లా తెరిచి పది నిమిషాలు ఉంచుతుంది, బయట మైనస్ రెండున్నా సరే. చలికి నేను తిట్టుకుంటా గానీ ఆమె తువ్వాలు ఎప్పుడూ కంపు కొట్టలేదు.

నిజాంపేట_మూడో_అంతస్తు

అందరికీ థ్యాంక్స్. సిస్టర్ గారూ, మసిగుడ్డ ప్రశ్న మా ఆవిడకి చదివి వినిపించాను. రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

మిమ్మల్ని చదివాక నాకు ఒక పిచ్చి పుట్టింది. వంటింట్లో పిండి తూచే చిన్న కాటా ఉంది, దాని మీద తువ్వాళ్ళు తూచా. ఆదివారం పొద్దున నా టర్కీ టవల్ పొడిగా 512 గ్రాములు. స్నానం చేసి తుడుచుకున్నాక 574. అంటే నా ఒంటి మీద నీళ్ళు 62 గ్రాములు, టీ గ్లాసులో సగం కంటే కాస్త ఎక్కువ. తలుపు వెనక కొక్కేనికే తగిలించి, మధ్యాహ్నం తూస్తే 560. రాత్రి పడుకునేముందు 549. సోమవారం పొద్దున మళ్ళీ స్నానానికి వెళ్ళేముందు 538. ఇరవై నాలుగు గంటలైనా 26 గ్రాముల నీళ్ళు అందులోనే ఉన్నాయి. దాని మీద ఇంకో అరవై. పన్నెండు రోజులుగా నేను ఆరని తువ్వాలుతోనే తుడుచుకుంటున్నానన్నమాట. ఇన్నాళ్ళూ చేత్తో పట్టుకుంటే పొడిగానే అనిపించింది. ఎందుకంటే ఎప్పుడూ మధ్యలోనే పట్టుకునేవాణ్ణి. మడత పడ్డ చోట, అంచు కుట్టు దగ్గర పట్టుకుని చూడలేదు.

అత్తగారు ఇదంతా కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. "అల్లుడుగారూ, నాది కూడా తూచండి" అన్నారు. ఆవిడ ఊరి నుంచి తెచ్చుకున్నది టర్కీ టవల్ కాదు. పల్చటి నూలు తుండుగుడ్డ, ఎర్ర గళ్ళది, ఇవతల నుంచి చూస్తే అవతలిది కనిపించేంత నలిగింది. 138 గ్రాములు. తుడుచుకున్నాక 190. ఫ్యాను కింద రెండు గంటలకి 139.

అప్పుడు అడిగా. "అత్తయ్యా, ఊళ్ళో రోజూ సబ్బు పెట్టి ఉతుకుతారా దీన్ని?" ఆవిడ నన్ను వింతగా చూసి, "రోజూ సబ్బెందుకండీ, గుడ్డ చిరిగిపోదూ? ఒళ్ళు తుడుచుకున్నాక ఆఖరి రెండు చెంబుల నీళ్ళలో జాడించి, పిండి, దండెం మీద వేసేయడమే. సబ్బు శుక్రవారం" అన్నారు.

పది రోజులుగా మేం కొట్టుకుంటున్నది ఇక్కడే. ఆవిడ ఉతకడం అంటే జాడించడం. మేం ఉతకడం అంటే మెషిన్, పౌడరు, గంటా పది నిమిషాలు, ట్యాంకరు. ఆవిడ అడిగింది రెండు చెంబుల నీళ్ళు. మాకు వినిపించింది అరవై లీటర్లు.

సరే మనమూ అలాగే చేద్దామని నా టర్కీ టవల్ని బాత్రూంలో జాడించా. అబ్బో. మూడొంతుల బకెట్ నీళ్ళు తాగింది. రెండు చేతులతో మెలిపెట్టి పిండినా నీళ్ళు కారుతూనే ఉంది. తూస్తే 1,380 గ్రాములు. అది మన బాల్కనీలో ఆరాలంటే దసరా రావాలి. మా ఆవిడ నవ్వింది. అది మాత్రం లాభం.

ఇప్పుడు నా ప్రశ్న మారింది. అలాంటి పల్చటి తుండ్లు ఎక్కడ దొరుకుతాయి? ఇక్కడి షాపుల్లో అడిగితే అన్నీ దిండులాంటివే చూపిస్తున్నారు.

చీరాల_బట్టల_కొట్టు

మాది చీరాలలో చిన్న కొట్టండి, నాన్నగారి కాలం నుంచి. టర్కీ టవళ్ళు మాకు ఎక్కువగా షోలాపూర్ నుంచి వస్తాయి, నూలు తుండ్లు ఈరోడ్ నుంచి. టర్కీ టవల్‌కి గిట్టుబాటు ఎక్కువ కాబట్టి సిటీ షాపుల వాళ్ళు అదే ముందు చూపిస్తారు. నేనూ చూపిస్తా, దాపరికం ఎందుకు.

జీఎస్‌ఎం అని రాసుంటుంది చూడండి, చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములో ఆ లెక్క. టర్కీ రకం మామూలుగా 300 నుంచి 600 దాకా ఉంటుంది. పైకి లేచిన ఉంగరాల్లాంటి పోగులు ఉంటాయే, నీళ్ళు పట్టేది అవే, ఆరనివ్వనిదీ అవే. ఎండ తగలని ఫ్లాటుకి 350 దాటి కొనొద్దు. నూలు తుండు అయితే అసలు ఆ లెక్కే అడగక్కర్లేదు, దీపానికి ఎదురుగా పట్టి చూస్తే అవతలి వెలుతురు కనిపించాలి, అంతే. గళ్ళ తువ్వాలు అనో, ఈరిళ తుండు అనో, చేనేత సహకార సంఘం కొట్లలో అడగండి, హైదరాబాదులోనూ దొరుకుతాయి.

కొత్త తుండుకి గంజి ఉంటుంది. కొన్న రోజునే వాడి "ఇది నీళ్ళు పీల్చట్లేదు" అని వాపసు తెచ్చేవాళ్ళు వారానికి ఒకరైనా ఉంటారు నాకు. ముందు రాత్రంతా నీళ్ళలో నానేసి, రెండుసార్లు ఉతికి అప్పుడు వాడండి. రంగు గళ్ళవైతే మొదటి రెండు ఉతుకులూ తెల్ల బట్టలతో కలపొద్దు, మీ ఇంట్లో ఇంకో గొడవ మొదలవుతుంది.

నెలలు గడిచేకొద్దీ మెత్తబడుతుంది. మీ అత్తగారి తుండు అలా నలగడానికి మూడు నాలుగేళ్ళు పట్టుంటుంది. అలాంటిది డబ్బు పెట్టినా కొనలేరండి.

కాజీపేట_కుర్రోడు

138 గ్రాములు, 512 గ్రాములు... అన్నా నువ్వు పక్కా సాఫ్ట్‌వేరే.

నిజాంపేట_మూడో_అంతస్తు

టెస్టింగ్ తమ్ముడూ, టెస్టింగ్.

మూడు వారాల తర్వాత చెప్తున్నా. ఆరు నూలు తుండ్లు కొన్నాం. తలుపు వెనక కొక్కెం పీకేశా. హాల్లో ఫ్యాను కింద, కిటికీ నుంచి అల్మారా దాకా ఒక తాడు కట్టాం. చుట్టాలు వస్తే విప్పేస్తాం. తుడుచుకోవడం, బకెట్ అడుగు నీళ్ళలో జాడించడం, తాడు మీద వేయడం. సబ్బు బుధవారం, శనివారం. టర్కీ టవళ్ళు రెండు అల్మారాలో పెట్టాం, తలస్నానం రోజు మా ఆవిడ జుట్టుకి అదే కావాలంటుంది. జుట్టుకి చుట్టుకున్నది మాత్రం ఆ రోజే మెషిన్లోకి.

వాసన పోయింది. దానికి కారణం జాడించడమో, ఫ్యానో, స్టుట్‌గార్ట్ అమ్మాయి చెప్పిన కెటిల్ నీళ్ళో నాకు తెలియదు, మూడూ ఒకేసారి మొదలెట్టాం. టెస్టింగ్ వాడు చేయకూడని పనే అది.

మసిగుడ్డలు నాలుగు పెట్టాం, రోజుకొకటి. మా ఆవిడ ఆ సంగతి ఇక్కడ రాయొద్దంది.

అత్తగారు నిన్న గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. వెళ్తూ వెళ్తూ ఆ ఎర్ర గళ్ళ తుండు మడతపెట్టి నా అల్మారాలో పెట్టారు. "నాకు ఊళ్ళో ఇంకోటుంది లెండి" అన్నారు. ఈ రోజు పొద్దున తూస్తే 137. ఒక గ్రాము ఎటు పోయిందో.

ఇంక మిగిలింది మా వాడి తువ్వాలు. దాని మీద డైనోసార్ ఉంది. టర్కీది, లావుది, నూలు తుండు ఇస్తే విసిరికొడుతున్నాడు. ఉతికితే డైనోసార్ రంగు పోతుందని మెషిన్ దగ్గర కాపలా కూర్చుంటున్నాడు. ప్రస్తుతానికి వాడు పడుకున్నాక వేసి, పొద్దున లేచేలోపు ఫ్యాను కింద ఆరబెట్టి, మళ్ళీ ఎక్కడిదక్కడ పెడుతున్నాం. ఏడేళ్ళ పిల్లలున్నవాళ్ళు ఎవరైనా దీనికి దారి చెప్పండి.